అందరికీ సీటుంది

దేవమ్మ కూర్చుంది. అంతకు మించి ఆమె చేసిన నేరం లేదు. ఆమెను పనిలోంచి తీసేసిన ఉత్తరం రాసింది నేను, కామ్రేడ్స్. అందుకే ఈ కథ నేనే చెప్పాలి.

అది తొంభై అయిదు. జూబిలీహిల్స్ సినిమా నిర్మాత వీరరాఘవయ్య గారు చవక టికెట్ల జనరథ ఎయిర్‌వేస్ పెట్టి ఏడాదైంది. రెండు విమానాలు అయిదయ్యాయి. దిగిన ప్రతి విమానం ఇరవై నిమిషాల్లో మళ్ళీ ఎగరాలి. ఊడ్చే ఆడవాళ్ళు మాత్రం మొదటి పన్నెండు మందే, అందరూ రహమత్ నగర్ వాళ్ళు. టికెట్ ఎవరి నడుము మీద చవకయిందో చూశారా! కాలేజీలో కార్మికుల కోసం గొంతు చించుకున్న నేను అక్కడ సిబ్బంది ఆఫీసర్ని. 'అందరికీ సీటుంది' అన్న ప్రకటన కూడా నేను రాసిందే.

ఆరోజు ఆరోసారి విమానం ఊడ్చాక దేవమ్మ కిటికీ పక్క సీట్లో కూలబడింది. ఆమెకు అయిదో నెల.

"కండ్లు తిరిగినయ్ సారూ. జర కూసున్న, గంతే."

"సీట్లు ప్యాసింజర్లవి. రూలు తెలీదా?" అన్నాను. సాయంత్రానికి ఉత్తరం చేతిలో పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

వారం తర్వాత ఫిల్మ్ నగర్ స్టూడియోలో ప్రకటన షూటింగ్. చెక్కతో విమానం సెట్టు వేశారు, సీట్లు మాత్రం అసలువే.

"జూనియర్ ఆర్టిస్టులెందుకయ్యా? మన ఊడ్చేవాళ్ళు పన్నెండు మందికీ పట్టుచీరలు కట్టించు. మొహాల్లో నిజం కనపడుద్ది" అన్నారు వీరరాఘవయ్య గారు.

వ్యాన్ తీసుకుని రహమత్ నగర్ వెళ్ళాను. అందరిలో పెద్దదైన నీలమ్మ, దేవమ్మను కూడా ఎక్కించింది. "పన్నెండు మంది గావాలన్నరు గద సారూ" అంది. నేను వ్యాన్ తలుపు వేశాను.

వెనక సీట్లలో వాదన మొదలైంది.

"ఉన్న నౌకరి గూడ పోతది" అంది బుచ్చమ్మ.

"రేపు నీకు కండ్లు తిరిగితే ఎవరు అడుగుతరే?" అంది నీలమ్మ.

బుచ్చమ్మ జరిగి దేవమ్మకు కిటికీ పక్కన చోటిచ్చింది. ముందు కూర్చున్న నేను విననట్టే రోడ్డు చూస్తూ ఉండిపోయాను.

పన్నెండు మందీ నవ్వుతూ 'అందరికీ సీటుంది' అన్నారు. షాట్ ఓకే అయింది. లేవమన్నారు. ఒక్కరూ లేవలేదు.

"దేవమ్మను పనిల వెట్టుకునేదాంక లెవ్వం" అంది నీలమ్మ.

"లైట్లు ఆపండ్రా! చీకట్లో ఎంతసేపు కూర్చుంటారో చూద్దాం" అని అరిచారు వీరరాఘవయ్య గారు.

లైట్‌మన్ భిక్షం చేతులు కట్టుకున్నాడు. "ఆపం సార్. ఆడోళ్ళను చీకట్ల పెట్టం." మిగతా లైట్‌మన్లూ కదలలేదు.

పోలీసులు వచ్చారు. నీలమ్మ నన్ను చూసింది. "సారూ, గీ సీటు ఖాళీగుంది. కూసుంటరా?"

నా బూట్లకేసి చూస్తూ నిలబడ్డాను. పట్టుచీరల్లోనే వాళ్ళను ఈడ్చుకెళ్ళారు. చీరలిమ్మని కాస్ట్యూమ్స్ అతను వెంటపడ్డాడు. "స్టేషన్ కాడికొచ్చి తీస్కపో!" అని బుచ్చమ్మే అరిచింది.

మర్నాడు పొద్దున్నే కొత్తవాళ్ళను తెమ్మని నన్ను రహమత్ నగర్ పంపారు. ఏ గుమ్మం తట్టినా ఒకటే జవాబు. "ముందు ఆళ్ళను ఇడిపియ్యి. గప్పుడు మాట్లాడుదం."

ఉత్తచేతులతో ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. అయిదు విమానాలూ ఊడ్చకుండా పడున్నాయి. గేటు ముందు సామాన్లు మోసేవాళ్ళు, స్టూడియో లైట్‌మన్లు, రహమత్ నగర్ జనం నేల మీద బైఠాయించారు. అప్పుడే బెయిలు మీద విడుదలైన పన్నెండు మందీ ముందు వరసలో ఉన్నారు.

మెడలోని కంపెనీ కార్డు తీసేశాను. నాకోసం ఎవరూ జరగలేదు. చివర్న, దుమ్ములో కూర్చున్నాను. దేవమ్మ నావైపు చూడలేదు. చూడమని అడిగే మొహం నాకు లేదు.

పోలీసు వ్యాన్లు మళ్ళీ వచ్చాయి. లేవమని మైకులో చెప్పారు.

మూడొందల మందిమి. ఎవరమూ లేవలేదు.