తువ్వాల ముందు పెట్టిన లొట్టి

నేను ఒక లొట్టిని, కల్లు పట్టే మట్టికుండను. అదీ పగిలిన లొట్టిని. తాటిచెట్టు మొదట్లో మూతి ఒకచోట, అడుగు ఒకచోట పడి ఉన్నాను. పోయేవాళ్లు కాలితో పక్కకు తోస్తారు. తోయండి. కానీ నేనెందుకు పగిలానో వినిపోండి.

సారె మీద నన్ను తిప్పిన కుమ్మరి నా గురించి పెద్దగా ఆలోచించి ఉండడు. ఆవంలో కాలాను. సంతలో పదిమంది వేళ్లతో కొట్టి చూశారు. చివరికి కల్లు గీసే బాలింగం గౌడ్ కొన్నాడు. మెడకు తాడు కట్టి, సున్నంతో గుర్తు పెట్టి, ఊరి పొలిమేరలోని ఒంటితాడి పైకి తీసుకుపోయాడు. దాని కల్లులాంటిది చుట్టుపక్కల ఏ చెట్టుకూ లేదు. అందుకే దాని కింద కూర్చోవడానికి మనుషులు పడే పాట్లు చూడాలి.

కల్లు కాంపౌండులో పైసలిస్తే ఎవడికైనా పోస్తారు. ఒంటితాడి దగ్గర అలా కాదు. గెలకు ఒక లొట్టి, లొట్టికి ఒక మనిషి. ఆ హక్కునే వాడిక అంటారు. ఎవడైనా చస్తేనో, ఊరు విడిస్తేనో కొత్తవాడికి చోటు. దొరికాక నిలబెట్టుకోవడం ఇంకో తంటా. పొద్దున్నే రావాలి, తన లొట్టి తనే వంచుకోవాలి. వరుసగా మూడు పొద్దులు రాకపోతే వాడిక పోతుంది. లొట్టి పగిలినా పోతుంది. అప్పుడు కట్టే కొత్త లొట్టి, చెట్టు కింద ఉన్నవాళ్లలో ముందు అడిగినవాడిది. ఇది ఎక్కడా రాసి లేదు. అందరికీ తెలుసు.

నా ఖర్మ కొద్దీ నేను జనార్దన్‌రెడ్డి పటేలు వంతుకు వచ్చాను. చెట్టు నిలబడింది ఆయన చెలక గట్టు మీదే. ఆయనకు షుగరు. కల్లు ముట్టొద్దని డాక్టరు చెప్పాడు, ఆయన ముట్టడు కూడా. కానీ రోజూ స్కూటరు మీద వస్తాడు. తాటాకు రేకలో చుక్క వేసుకుని, నలుగురూ చూసేలా పెదాలకు తాకిస్తాడు. తరువాత నన్ను తుమ్మచెట్టు వెనక్కి తీసుకుపోయి గుమ్మరిస్తాడు. రాత్రంతా చుక్కచుక్కగా నేను పట్టింది చీమలపాలు. తాగనివాడు మానేయొచ్చు కదా? మానేస్తే చోటు ఇంకొకడికి దక్కుతుంది. అదీ ఆయన బాధ.

ఆ ఇంకొకడు తాపీ మేస్త్రీ ఈరేశం. ఏళ్ల తరబడి చెట్టుకు కాస్త దూరంలో గొంతుకూర్చుని, ఎవరి చోటు ఖాళీ అవుతుందా అని చూసేవాడు. కాంపౌండు కల్లులో ఏం మందు కలుపుతారో గానీ, తాగితే అతని చేతులు వణికేవి, తాగకపోతే ఇంకా వణికేవి. గోడ పూత అలలు అలలుగా వస్తుంటే ఎవరు పనికి పిలుస్తారు? పొద్దున రేకెడు అసలు కల్లు దొరికితే చాలు, కాంపౌండు గడప తొక్కనని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు. అందరూ పాపం అన్నారు. ఎవరూ జరగలేదు.

ఎండలు ముదిరే వేళకు పటేలు ఆసుపత్రిలో పడ్డాడు. పీడ విరగడైందనుకున్నాను. మర్నాడు ఆయన పాలేరు మడత విప్పని తువ్వాల ఒకటి తెచ్చి, పటేలు కూర్చునే రాయి మీద పెట్టాడు. ఇది ఉంటే పటేలు వచ్చినట్టే లెక్క అన్నాడు. గట్టు పటేలుది, చెట్టు గట్టు మీదిది. బాలింగం ఏమంటాడు? నన్ను దింపి తువ్వాల ముందు పెట్టాడు. నురగ అణిగేదాకా ఆ గళ్ల గుడ్డ మొహం చూస్తూ కూర్చున్నాను. కుక్క మూతి పెట్టినా నాకంత అవమానం అయ్యేది కాదు.

రెండోనాడూ అంతే. మూడోనాడు ఈరేశం లేచి చెట్టు దగ్గరికి వచ్చాడు. 

"బాలింగం మామా, తువ్వాలకు దూపైతదా?"

తువ్వాలకు దాహమేమిటని కూర్చున్నవాళ్లు నవ్వారు. దానికి షుగరు లేదు, తాగనియ్‌రా అని ఒకడన్నాడు. బాలింగం నవ్వలేదు. మోకు బిగించి చెట్టెక్కాడు. పైన నన్ను విప్పి చేతిలోకి తీసుకున్నాడు. నిండుగా ఉన్నాను. ఆ మనిషి చేతిలోంచి ఏ లొట్టీ జారిందని నేను వినలేదు. కిందికి చూసి నింపాదిగా అన్నాడు:

"మొదట్లకెల్లి జరుగుండ్రి."

అందరూ జరిగారు. అప్పుడు చెయ్యి జారింది.

సరిగ్గా తువ్వాల మీద పడ్డాను. పెంకుల చప్పుడు ఆగకముందే ఈరేశం కొత్త లొట్టి అడిగాడు. పాలేరు తువ్వాల పిండుకుంటూ పోయాడు. తరువాత పటేలు వచ్చి నిలదీస్తే బాలింగం చెప్పింది ఒకటే.

"మన్నే గద పటేలా, పలిగింది."

ఊరంతా బాలింగం తెలివిని మెచ్చుకుంది. నా ఊసు ఒక్కడూ ఎత్తలేదు. నువ్వు తాగవు పటేలా, లేచి చోటియ్యి అని చెప్పడానికి అంతమందిలో ఒక్కడికీ నోరు రాలేదు. ఆ ఒక్క మాటకు బదులు నన్ను పగలగొట్టారు.

పోనీ, ఈరేశం చెయ్యి కుదురుకుంది కదా అని సరిపెట్టుకున్నాను. నిజంగానే కుదురుకుంది. అతను పూసిన గోడ అద్దంలా ఉంటోందట. అందుకే మొన్న సిద్దిపేటలో పెద్ద పని దొరికి, వారం పాటు పోయాడు. పోతూ పోతూ పాత తాపీ ఒకటి తెచ్చి, ఆ రాయి మీద పదిలంగా పెట్టి పోయాడు.

చెట్టుకు కాస్త దూరంలో ఇంకెవడో గొంతుకూర్చుని చూస్తున్నాడు. కొత్త లొట్టి నిండా నురగతో దిగి, తాపీ ముందు కూర్చుంది. దానికింకా ఏమీ తెలియదు. నేను మాత్రం కింద నుంచి బాలింగం చేతులకేసే చూస్తున్నాను.