కుడి చెయ్యి పనికి పోయింది

గీత తీసిన పిట్టల ఫోటోలు చూడాలంటే పొద్దు గూకినంక రావాలి. ఈ సంగతి ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు, పెద్దోళ్లే మర్చిపోతారు. మొన్నటికి మొన్న పక్కింటి సైదయ్య, ఇంటికొచ్చిన చుట్టాలను వెంటేసుకొని పొద్దున పది గంటలకు దిగబడ్డాడు. వసారాలో దండేనికి క్లిప్పులతో తగిలించిన ఫోటోల ముందు నిలబడి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఏందే లచ్చమ్మా, పాలపిట్టను సూపిద్దామని తోల్కొస్తే ఉత్త కరెంటు తీగనే ఉన్నది!"

"మేతకు పోయింది. నీకోసం కూసుంటదా?" అంది గీత వాళ్లమ్మ లచ్చమ్మ, చాటలో బియ్యం చెరుగుతూ.

చుట్టాలు కాసేపు కరెంటు తీగను చూసి, చాయ్ తాగి వెళ్లిపోయారు.

మాడుగులపల్లి దాటాక సాగర్ కాలువ కింద ఉంటుంది ఆ ఊరు. గీత రోజూ స్కూటీ మీద మిర్యాలగూడ పోయి, ఒక ఫోటో స్టూడియోలో పెండ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. పెండ్లికొడుకుల మొహాల మీద మొటిమలు చెరిపీ చెరిపీ కండ్లు మంట పుడతాయి. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. స్టూడియో వాళ్లు మూలన పడేసిన పాత కెమెరా మెడలో వేసుకొని కాలువ గట్టు ఎక్కేస్తుంది. గునుగు పూల మీద మంచు, తుమ్మ కొమ్మన గువ్వల జంట, తూము మీద లకుముకి పిట్ట, ఏది కనబడితే అది. బాగా కుదిరినవి ప్రింట్ వేయించి ఇంటికి తెస్తుంది.

తెల్లారగానే ఆ పిట్టలు రెక్కలు దులుపుకొని ఫోటోల్లోంచి బయటపడతాయి. చీకటి పడేలోపు దేని ఫోటోలోకి అది వచ్చి కూచుంటుంది. ఒకసారి లకుముకి పిట్ట నోట్లో చేపపిల్లతో తిరిగొచ్చింది. ఫోటో రెండు రోజులు నీచు వాసన కొడితే గీత ఎండలో ఆరేసింది. పిచ్చుకలైతే దూరం పోయే రకం కాదు. అక్కడే చూరుకు వేలాడే కంకుల కుచ్చు మీద పడి, గింజ గింజకూ కొట్లాడుకుంటాయి.

ఆ కుచ్చులు గీత వాళ్ల నాయిన దుర్గయ్య చేసినవి. వరి కోతలప్పుడు పొడుగు కంకులు ఏరి, తడి గుడ్డలో నానబెట్టి, పరక మీద పరక మెలేసి, జడలాగా అల్లి, కింద గింజలు గుత్తిగా వేలాడేటట్టు కట్టేవాడు. ఎవరింట్లో గృహప్రవేశమైనా దుర్గయ్య కుచ్చు గుమ్మానికి ఉండాల్సిందే. కోదాడ నుంచి కూడా మనుషులు వచ్చి, "ఒక్కటివ్వండి బాబాయ్ గారూ" అని బతిమాలి తీసుకుపోయేవాళ్లు. ఆయనకు అల్లడమంటే ఎంత ఇష్టమో, అల్లినదాన్ని పిట్టలు పాడుచేస్తుంటే చూడటమంటే అంత ఇష్టం.

పోయినేడు గీత ఆయన చేతులను ఫోటో తీసింది. ఒక కుచ్చు ముగించి ఇంకో కంకి అందుకోబోతున్నప్పుడు తీసిందది. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది, కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది. ప్రింట్ వేసేటప్పుడు అంచు కొద్దిగా తెగి, అందుకోవాల్సిన కంకి ఫోటోలో లేకుండా పోయింది. దాన్నీ దండేనికే తగిలించింది. పిట్టలు పోయేవి, వచ్చేవి. చేతులు మాత్రం కదల్లేదు. నాయిన చేతులు బయటే పనిలో ఉంటే ఫోటోలోవి ఎందుకు పోతాయి, అనుకుంది గీత.

శ్రావణం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా, దుర్గయ్య వసారాలో కూచొని చాయ్ తాగుతున్నాడు. పిచ్చుకలన్నీ ఒక్కసారే బుర్రుమని ఫోటోలోంచి లేచి ఆయన నెత్తి మీదుగా పోయాయి. ఆ వెంటనే గ్లాసు చేతిలోంచి జారింది, మనిషి పక్కకు ఒరిగాడు.

సూర్యాపేట దవాఖానలో డాక్టరు పక్షవాతం అన్నాడు. వారానికి మాట తిరిగొచ్చింది, నెలకు కాలు ఆనింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. చిన్న రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసుకుతుంటే నెమ్మదిగా వస్తుందని చెప్పి పంపారు. దుర్గయ్య ఆ బంతిని ఒక్కరోజు పట్టుకొని పక్కన పడేశాడు.

"పని లేని పిసుకుడేంది? నా చెయ్యికి సిగ్గయితది" అన్నాడు.

అంతటితో ఆగితే బాగానే ఉండేది. ఆయన అన్నం మీద అలిగాడు. ఎడమ చేత్తో తినడు, చెంచా ముట్టడు. లచ్చమ్మ కలిపి పెడితే నాలుగు బుక్కలు తిని నోరు మూసేస్తాడు. "ఇగ సాలు. తినేది పని చేసేటోడు" అంటాడు. రెండు నెలల్లో దవడలు లోపలికి పోయి, మెడ కింద ఎముకలు తేలాయి. ఇట్లా ఇంకో రెండు నెలలు గడిస్తే మనిషి దక్కడని డాక్టరు గీతతో విడిగా చెప్పాడు. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు. స్కూటీ మీద వస్తూ కాలువ గట్టున ఆగి, ఏడ్చి, మొహం కడుక్కొని ఇంటికొచ్చింది.

దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచీ వసారాలో ఫోటోలన్నీ గోడ వైపు తిరిగి ఉన్నాయి. అమ్మ తిప్పిందని గీతకు తెలుసు. ఇంట్లో ఇంత బాధ ఉంటే పిట్టల సందడి ఎవరికి కావాలి, అందుకే తిప్పిందేమో అనుకొని అడగలేదు.

కార్తీకంలో ఒక ఆదివారం గీత సీతాఫలాలు తెచ్చింది. దుర్గయ్యకు అవంటే ప్రాణం. ఏటా బియ్యం డబ్బాలో దాచి మాగబెట్టుకొని, రోజుకొకటి లెక్కన తినేవాడు. బాగా మాగిన పండు చీల్చి నోటి దగ్గర పెడితే ఆయన మొహం తిప్పుకున్నాడు. గీతకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. చరచరా వసారాలోకి పోయి ఒక ఫోటోను ఇటు తిప్పబోయింది.

"వద్దే!" లచ్చమ్మ ఉరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఆ పిట్టలే గదనే మీ నాయినను కొట్టినయి!"

"పిట్టలు కొట్టుడేందమ్మా?"

"డాక్టరు నీ ముందరనే అన్నడు గద, పక్షి వాతమని! ఆ పిచ్చుకలు నెత్తి మీదికెల్లి పోతుంటే నా కండ్లార సూసిన. వాటి గాలే తగిలింది."

గీతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తల్లిని అరుగు మీద కూచోబెట్టింది.

"పక్షి గాదమ్మా, పక్షం. పక్షమంటే ఓ పక్క, ఓ సగం. ఒంట్ల సగం పడిపోతది కాబట్టి ఆ పేరు."

లచ్చమ్మ వేళ్ల మీద తిథులు లెక్కపెట్టింది.

"పక్షమంటే, అమాస పక్షం, పున్నమ పక్షం అంటరు, అదేనా?"

"ఆ, అదే."

"మరైతే గీ పక్షం పోతే ఇంకో పక్షం రావాలె గదనే!" అని లేచి, తనే ఒక్కొక్క ఫోటోనూ ఇటు తిప్పింది. మేత లేక పిచ్చుకలు సగానికి సగం చిక్కిపోయి ఉన్నాయి. "తప్పయింది తల్లీ, మీ కడుపులు మాడ్చిన" అని వాటికి చెంపలేసుకుంది.

చివరి ఫోటోలో దుర్గయ్య చేతులు. కుడి చెయ్యి ఇంకా చాచే ఉంది. గీత దాన్నే చూస్తూ నిలబడిపోయింది. పిట్ట మేతను చూసి బయటికి వస్తుంది. మరి చెయ్యి దేన్ని చూసి రావాలి?

చూరుకు పాత కుచ్చు ఉత్త గడ్డిగా వేలాడుతోంది. ఊళ్లో ఇప్పుడు కోతలన్నీ మిషన్‌తోనే. మిషన్‌లో పడ్డ గడ్డి తునకలు తునకలై వస్తుంది, అది అల్లేందుకు పనికిరాదు. కానీ మిషన్ పొలంలోకి దిగి మలుపు తిరగాలంటే, ముందు నాలుగు మూలలా కొంచెం కొంచెం కొడవలితో కోసి ఇవ్వాలి. మర్నాడే సైదయ్య పొలం కోత. గీత సగం రోజు సెలవు పెట్టి, అమ్మ కొడవలి తీసుకొని పొద్దున్నే గట్టు మీద నిలబడింది.

"సైదయ్య మామా, మూలలు నేను కోస్త."

"కంప్యూటర్ పట్టే చెయ్యి కొడవలి పడుతదా?" అని సైదయ్య పకపకా నవ్వాడు.

"నువ్వు సూడు."

సైదయ్య చూశాడు. రెండో మూలకే చేతులు బొబ్బలెక్కాయి. ఇంక చూడలేక మిగతా రెండు మూలలూ తనే కోసి, పొడుగు కంకులన్నీ ఏరి మోపు కట్టి స్కూటీ వెనక పెట్టించాడు. "దుర్గన్నకు ఇవ్వు బిడ్డా. వాసనన్న సూడనీ" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మోపు వసారాలో దించగానే ఇల్లంతా పచ్చి గడ్డి వాసన. మంచంలో ఉన్న దుర్గయ్య ముక్కుపుటాలు అదిరాయి.

"తడి గుడ్డ కప్పుండ్రి. ఎండితే ఇరుగుతది" అన్నాడు గోడ వైపే చూస్తూ.

గీత మంచాన్ని వసారాలోకి జరిపించింది. మోపు మీద తడి గుడ్డ కప్పింది. ఒక్క కంకి మాత్రం తీసి, ఫోటో అంచున, తెగిపోయిన కంకి ఉండాల్సిన చోట, క్లిప్పుతో బిగించింది. తర్వాత స్టూడియోకు పోయింది గానీ మనసంతా ఇంటి మీదే. ఒక పెండ్లికొడుకు మొటిమలతో పాటు మీసం కూడా చెరిపేసి, ఓనరుతో చీవాట్లు తిన్నది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఎండ ఇంకా చూరు మీద ఉంది. స్కూటీ స్టాండు వేస్తూనే దండెం వైపు చూసింది. పిట్టలు ఇంకా రాలేదు, ఫోటోలన్నీ ఖాళీ. చేతుల ఫోటోలో మోకాలి మీద ఎడమ చెయ్యి ఒక్కటే ఉంది.

"అమ్మా, కుడి చెయ్యేదే?"

"పనికి పోయింది" అంది లచ్చమ్మ, పొయ్యి ఊదుతూ.

దుర్గయ్య మంచం అంచున కూచొని ఉన్నాడు. ఒళ్లో కంకులు, కాళ్ల చుట్టూ రాలిన గింజలు. కుడి చేతి వేళ్లు పరకను పట్టుకొని, మెల్లగా, ఆగి ఆగి మెలేస్తున్నాయి. కుచ్చు జానెడు దిగింది. మెలిక అక్కడక్కడా వదులుగా ఉంది. గీత కండ్లు నిండిపోయాయి.

"గట్ల సూస్తవేంది? ఆ పరక అందుకో" అన్నాడు దుర్గయ్య.

పొద్దు వాలుతుంటే లచ్చమ్మ పళ్లెంలో అన్నం, పచ్చిపులుసు తెచ్చి ముందర పెట్టింది. కలపబోతుంటే దుర్గయ్య ఆమె చెయ్యి పక్కకు జరిపాడు. చేతులు కడుక్కొని, కుడి చేత్తో తనే కలిపాడు. కొంత పళ్లెం బయట పడింది. ఒకటొకటిగా పిట్టలు రావడం మొదలైంది. గువ్వలు వచ్చాయి, పాలపిట్ట కరెంటు తీగెక్కింది, లకుముకి తూము మీద వాలింది.

"నాయినా, జల్ది తిను. పొద్దు గూకుతున్నది. చెయ్యి పోతది మల్ల."

"అన్నం మీదికెల్లి ఎట్ల పోతదే? తిన్నంక, కడుక్కోని పోతది" అన్నాడు దుర్గయ్య. మొదటి బుక్క వణుకుతూ గీత నోటి దగ్గరికి వచ్చింది. ఆమె చిన్నప్పటిలా నోరు తెరిచింది.

తర్వాత ఆయన తిన్నాడు. పళ్లెం ఊడ్చి, వేళ్లు నాకి, "లచ్చీ, మారు పెట్టు" అన్నాడు.

లచ్చమ్మ గిన్నె వంచి చూసింది. ఈ రెండు నెలల్లో ఇంట్లో ఎవరికీ ఆకలి లేక, గుప్పెడు బియ్యమే వండటం అలవాటైంది. అడుగున మెతుకు లేదు.

"జర ఆగయ్యా, జర ఆగు" అంటూ కొంగుతో కండ్లు తుడుచుకొని, డబ్బాలోంచి సోలెడు బియ్యం పోసి మళ్లీ ఎసరు పెట్టింది.

చీకటి పడింది. పిచ్చుకలన్నీ వచ్చి సర్దుకొని కూచున్నాయి. దుర్గయ్య కుడి చెయ్యి మాత్రం ఎంగిలితో పళ్లెంలోనే ఉండి, అన్నం ఉడికేదాకా ఎదురుచూసింది.