ముప్పై మూడేళ్ళకి గుండెపోటేమిటన్నారు

ముప్పై మూడేళ్ళ మనిషికి గుండెపోటేమిటని ఇంటిల్లిపాదీ నా మీద విరుచుకుపడ్డారు. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని లేచిన మా ఆయన సాయిసందీప్, ఎడమ భుజం పట్టుకుని కూలబడ్డారు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. మా అత్తగారు సత్యవతమ్మ సోడాలో నిమ్మకాయ పిండారు. ఆయన స్నేహితుడు పెదబాబు ఫోన్లోనే, "గ్యాసేరా, రెండు తేన్పులొస్తే తగ్గిపోద్ది" అని తేల్చేశాడు. ఏం వైద్యం చదివాడో మహానుభావుడు.

రొయ్యల మేత అమ్మే ఉద్యోగం మా ఆయనది. పగలంతా చెరువుగట్ల మీద రైతులతో కూర్చుని సిగరెట్ మీద సిగరెట్. యానాంలో మందు చవక కదా, సాయంత్రమైతే కనకాలపేటలో పెదబాబు షెడ్డులో సీసా. అడిగితే వ్యాపారం అంటారు.

నేనెవరి మాటా వినలేదు. ఆటో పిలిచాను. మామగారు కూడా ఎక్కారు. ఆసుపత్రి గుమ్మంలో గుండెనొప్పి అనగానే ఆయా చక్రాల కుర్చీ తెచ్చి మామగారిని కూర్చోబెట్టేసింది. డెబ్బై ఏళ్ళొచ్చినా రోజూ దరియాలతిప్ప దాకా సైకిల్ తొక్కే మనిషాయన. మా ఆయన గోడ పట్టుకుని నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నొప్పి మావయ్యగారికి కాదు, మా ఆయనకి" అని అరిచాను. మామగారు లేచి కొడుకుని కూర్చోబెట్టారు.

ఈసీజీ చూసి డాక్టర్ వీణ గుండెపోటేనన్నారు. "ఇంకో గంట సోడాలు తాగించి ఉంటే నాతో పని ఉండేది కాదమ్మా" అని, ఇంజెక్షన్ ఇచ్చి కాకినాడ పంపారు. అక్కడ స్టెంటు వేశారు. బతికారు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు తమాషా. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ మా అత్తగారు, "గ్యాస్ పైకి తన్నిందంతే" అని చెబుతున్నారు. మా మరిది మణికంఠకి సంబంధాలు చూస్తున్నారట. గుండెజబ్బు ఉన్న ఇల్లని తెలిస్తే పిల్లనివ్వరట. ఆ మణికంఠ జేబులో సిగరెట్ పెట్టె పెట్టుకుని మరీ తలూపుతున్నాడు. మంచం మీదున్న మా ఆయన కూడా తలూపారు.

ఇక నా వల్ల కాలేదు. హాలు నిండా జనం ఉండగానే చెప్పేశాను.

"గ్యాస్ కాదండి, గుండెపోటు. సిగరెట్లు, మందు, అర్ధరాత్రి బిర్యానీలు. సిగ్గుపడాల్సింది వాటికి, జబ్బుక్కాదు. మణికంఠకీ రేపే పరీక్ష చేయిద్దాం. పెళ్ళి సంగతి తర్వాత చూసుకోవచ్చు."

"నలుగుర్లో పరువు తీసేసేవే" అన్నారు అత్తగారు.

"మీ అబ్బాయి ప్రాణం కంటే ఎక్కువా అత్తయ్యా, ఆ పరువు?"

చూడ్డానికొచ్చి మూల కుర్చీలో కూర్చున్న పెదబాబు లేచాడు. కోపమొచ్చి వెళ్ళిపోతున్నాడనుకున్నాను, పోతే పోనీ అనుకున్నాను. చెప్పులేసుకుంటూ ఆగి, ఎడమ భుజం తడుముకుంటూ మా ఆయనకి వినపడకుండా అడిగాడు.

"చెల్లెమ్మా, ఆ డాక్టరమ్మ ఇప్పుడుంటారా? వారం నించీ నాకూ ఇక్కడ పట్టేస్తంది. గ్యాసే అనుకుంటన్నాను."