లిస్టులో లేనివాళ్లు

ముప్పై ఒక్క ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. నా రిటైర్మెంట్ డబ్బు పద్దెనిమిది లక్షలు ఎవరి చేతిలో పెట్టాలన్నా ముందు లెక్క అడుగుతాను, కన్నకూతురైనా సరే.

మా హదస్సా మెషీన్ లెర్నింగ్ నేర్చుకుని, ఏ షేర్లు ఎంతెంత కొనాలో చెప్పే ప్రోగ్రాం సొంతంగా తయారుచేసింది. ఆదివారం చర్చి నుంచి మౌలాలి ఇంటికి రాగానే, చీరైనా మార్చుకోనివ్వకుండా లాప్‌టాప్ నా ముందు పెట్టింది.

"పదిహేనేండ్ల పాత ధరలు నేర్పించిన మమ్మీ. దీని మాట ఇన్నట్టయితే ఏడాదికి ఇరవై రెండు శాతం వచ్చేది. రేపే షురూ చేద్దాం."

దాని ముఖం వెలిగిపోతోంది. నాకూ ముచ్చటేసింది. కానీ బాగా ఎక్కువ మార్కులొచ్చిన పేపర్ రెండోసారి దిద్దడం నాకున్న రోగం.

"మీ డాడీ షేర్లు కొన్న సిమెంట్ కంపెనీ ఇందుల ఉన్నదా?"

మా ఆయన జెరెమియా లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ బోనస్‌తో కొన్నవి. పన్నెండేళ్ల కిందట ఆ కంపెనీ మూతబడింది. ఆ కాగితాలు ఇప్పుడు బీరువాలో చీరల కింద పరిచి ఉన్నాయి.

"లేదు. ఇయ్యాల నడుస్తున్న కంపెనీలే తీసుకున్న. పోయినవాటి పరేషాన్ మనకెందుకు?"

ఆ మాటతో మా స్కూలు గుర్తొచ్చింది. మా స్కూల్లో పదో తరగతి ఏటా నూటికి నూరు పాస్. గేటుకి బ్యానర్ కట్టేవాళ్లం. తప్పుతారనుకున్న పిల్లలకు తొమ్మిదిలోనే టీసీ ఇచ్చి పంపేసేవాళ్లం. ఆ పేర్లు రాసిచ్చింది నేనే. కల్పలత అనే పిల్ల టీసీ పట్టుకుని, "ఒక్క ఛాన్స్ ఇయ్యుండ్రి టీచర్" అంది. నేను తల తిప్పుకున్నాను. ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

హదస్సాకు ఇదంతా మొదటిసారి చెప్పాను. "తప్పేటోళ్లను తీసేస్తే ఎవరి క్లాసైనా నూరే బిడ్డా."

అది లాప్‌టాప్ మూసింది. రెండు వారాలు నాతో ముక్తసరిగానే ఉంది. రోజూ ఆఫీసు నుంచి వచ్చి, మూతబడ్డ కంపెనీల పాత ధరలు వెతికి చేరుస్తూ కూర్చుంది.

"పదకొండు శాతమే వచ్చింది మమ్మీ," అంది చివరికి, ముఖం వేలాడేసుకుని. "నా ప్రోగ్రాం డాడీ కంపెనీ షేర్లు సుత కొన్నది. మునిగింది."

కొత్తగా చేర్చిన పేర్లన్నీ చదవమన్నాను. ముప్పై నాలుగు. హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే చదివింది. అయ్యాక చెక్కుబుక్కు తీసి తొమ్మిది లక్షలకు సంతకం పెట్టాను.

"ఇరవై రెండంటే ఇయ్యలే, పదకొండంటే ఇస్తున్నవేందీ?"

"ఇప్పుడు క్లాసంతా ఉన్నది."

అది నవ్వి, చెక్కు తీసుకుని లోపలికి వెళ్లింది. కల్పలత పేరు మాత్రం నేను ఏ లిస్టులోనూ తిరిగి చేర్చలేను.