పెట్టెకు కాపలా

మా ఇంట్లో ఏ గుడ్లను ఏ కోడి కింద పొదగేయాలో ఇన్నాళ్లూ నేనే చూసేదాన్ని. నలుగురిలో నోరు విప్పలేని నాకు అవ్వ నమ్మి అప్పజెప్పిన పని అదొక్కటే. ఈ వేసవి సెలవుల్లో రాయచూరు నుంచి సంజన వదిన వచ్చి దాన్ని లాక్కుంది.

వదిన మా అత్త కూతురు. పాలిటెక్నిక్ చదువుతోంది. కోడి లేకుండానే గుడ్లు పొదిగే పెట్టెను తనే చేసి తెచ్చింది. థర్మాకోల్ పెట్టె, లోపల ఒక బల్బు, పైన లోపలి వేడిని అంకెల్లో చూపే చిన్న ప్రాసెసర్ బోర్డు. లోపల వేడి తగ్గితే బోర్డు బల్బును వెలిగిస్తుంది, ఎక్కువైతే ఆర్పుతుంది. పాత రేడియోలోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్ ఆ బోర్డుకు కరెంటు ఇస్తుంది.

పొడల కోడి గుడ్లన్నీ అవ్వ నా కళ్ల ముందే తీసి అందులో పెట్టింది. కోడి ఖాళీ గంపలోనే పొదుగుకు కూర్చుంది.

"కోడి ఉండంగ పెట్టె ఎందుకవ్వా?" అన్నాను మెల్లగా.

"నీకేమొస్తది, కోళ్లెనక ఉరుకుడు తప్ప! సంజనను సూడు, ఎంత తెలివో," అంది అవ్వ. వదిన నవ్వింది. ఆ పెట్టె చెడిపోవాలని నేను గట్టిగా కోరుకున్నాను.

మరుసటి మధ్యాహ్నమే నా కోరిక తీరింది. పంపుసెట్లకు కరెంటు వదలగానే ఏటి ఒడ్డున ఆటోస్టార్టర్లు మోటార్లన్నింటినీ ఒక్కసారే తిప్పుతాయి. అప్పుడు ఇంట్లో వోల్టేజి పడి, బల్బు ఎర్రబడి, కాసేపటికి తేరుకుంటుంది. ఆ రోజూ అంతే. వదిన ఫోన్ సిగ్నల్ కోసం మిద్దె మీద ఉంది. పెట్టె మీది అంకె ముప్పై ఏడు దగ్గర బిగుసుకుపోయింది. లోపల బల్బు మాత్రం ఆరడం లేదు. నాకు సంతోషమైంది. మూత తీసి చెయ్యి పెట్టాను. గుడ్లు వేడెక్కిపోతున్నాయి.

అవి పొడల కోడి గుడ్లు. ప్లగ్గు పీకేశాను. మళ్లీ పెడితే బోర్డు మొదటి నుంచి లేచి, బల్బు ఆర్పింది.

ఆనాటి నుంచి మోటార్ల వేళకు పెట్టె పక్కనే కూర్చున్నాను. ఇంట్లో బల్బు ఎర్రబడితే ప్లగ్గు పీకడం, వెలుగు నిలబడ్డాక పెట్టడం. ఎవరికీ చెప్పలేదు. పక్కింటి మంజమ్మ రోజూ వచ్చి పెట్టెను చూసి, వదిన బుగ్గలు పుణికి పోయేది. కాపలా నాది, బుగ్గలు ఆమెవి.

ఇంతలో మా బడి సెలవులు అయిపోవచ్చాయి. గుడ్లు ఇంకా చిట్లలేదు. రేపు నేను బడికి పోతే పెట్టె దగ్గర ఎవరుంటారు?

"వదినె, మోటర్లు షురువైనప్పుడు నీ పెట్టె బిగుసుకపోతది," అన్నాను. అంతా చెప్పాను.

ఈసారి వదిన నవ్వలేదు. "కరెంటు మొత్తం పోతె బోర్డు మళ్ల మంచిగనే లేస్తది. సగం పడితెనే దానికి మతి పోతది. మా ఇంట్ల ఎప్పుడు గిట్ల కాలే. నువ్వు లేకుంటె గుడ్లు ఉడికిపోతుండె గదే!"

సామాను డబ్బాలోంచి మూడు కాళ్ల నల్లటి ముక్క తీసి బోర్డుకు సోల్డర్ చేసింది. "ఇది వోల్టేజి సూపర్‌వైజర్. వోల్టేజి తగ్గంగనే ప్రాసెసర్‌ను రీసెట్ల పట్టి ఉంచుతది. వోల్టేజి నిలబడి, ఇంక జరసేపు ఆగినంకనే ఇడుస్తది. నువ్వు చేసిన పనే, చిట్టీ."

"గీ మూగ మొద్దు చేసిందా?" అంది అవ్వ.

బడి తెరిచిన రోజు మధ్యాహ్నం తరగతిలో ఫ్యాను మెల్లబడింది. నా చెయ్యి ప్లగ్గు కోసం బల్ల కింద తడిమింది. అక్కడ ఇంట్లో నా పని ఆ నల్ల ముక్క చేస్తోంది, నాకంటే తొందరగా. వదిన కంటే దాని మీదే నాకు ఎక్కువ కుళ్లు పుట్టింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి వదిన పెట్టె మూత పట్టుకుని కూర్చుంది.

"జల్ది రా! నువ్వొచ్చేదాంక ఎవ్వర్ని ముట్టనియ్యలే."

లోపల పొడల పిల్ల ఒకటి ఒళ్లారి, మెత్తగా కిచకిచమంటోంది. దాన్ని ఎత్తుకున్నాను. వదిన రెండు చేతులూ చాపింది.

నేను చూడనట్టే ఆమెను దాటిపోయి, ఖాళీ గంపలో ఇంకా లేవకుండా కూర్చున్న కోడి రెక్క కింద పెట్టాను.