మెస్సును మోసుకెళ్లిన వీపుసంచి

నేను ఒక వీపుసంచిని. ముదురాకుపచ్చ రంగు, రెండు భుజాల పట్టీలు, నడుముకు ఒక బెల్టు. నన్ను కుట్టినామె ముఖం గుర్తులేదు. మిషను కింద పడి ఉన్నప్పుడు ఆమె మోకాలొక్కటే కనబడేది. కొండలెక్కడానికి, దేశాలు తిరగడానికి పనికొస్తానని నా మెడకో చీటీ తగిలించి బజారులో పెట్టారు. ఆ చీటీని అందరికంటే ముందు నమ్మింది నేనే. అదే నా ఖర్మ.

నన్ను మొదట కొన్నవాడు ధనుంజయ, మందుల కంపెనీ రిప్రజెంటేటివు. నూజివీడు బస్టాండు వెనక సీతారత్నమ్మ మెస్సులో అతనికి రెండు పూటలా భోజనం. ఏడాదికోసారి నన్ను భుజాన వేసుకుని ఏదో ఒక దేశం పోయొచ్చేవాడు. వచ్చాక అన్నం కలుపుకుంటూ ఆ ముచ్చట్లు చెప్పేవాడు. పప్పు గిన్నె పట్టుకుని ఆమె నిలబడి వినేది.

"కుర్చీలో కూర్చోవడమే అక్కా. వాళ్లే తెచ్చి ముందు పెడతారు. తినడమొక్కటే మన పని."

"మధ్యలో లేవక్కర్లేదా?" అని అడిగిందామె.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. బల్ల కింద కూర్చుని ఆమె పాదాలు చూసినదాన్ని నేను. పొద్దున పదకొండింటికి నిలబడితే సాయంత్రం నాలుగింటికి గాని ఆ పాదాలకు విశ్రాంతి లేదు. ఇరవై రెండేళ్లుగా ఆఖరి విస్తరి లేచాకే ఆమె తిండి. అప్పటికి అన్నం గడ్డకడుతుంది, పులుసు అడుగంటుతుంది.

ధనుంజయకు పెళ్లి కుదిరి ఊరు మారుతూ నన్ను ఆమె చేతిలో పెట్టిపోయాడు. రెండేళ్లు గోడకు వేలాడాను. ఒకరోజు ఆమె మొగుడితో అంది: "ఏవండీ, వచ్చే నెల ఎనిమిది రోజులు మెస్సు మూసేద్దాం. వియత్నాం పోదాం."

మొగుడు పిచ్చేశ్వరరావు చెడ్డవాడు కాదు. మనిషికి అన్నం పెట్టడం తప్ప మరో మర్యాద తెలియనివాడు. తలుపుకు 'సెలవు' అని అట్ట కట్టేదాకా నమ్మలేదు. నమ్మాక నన్ను సర్దడం మొదలుపెట్టాడు. చిన్న కరెంటు కుక్కరు, నాలుగు కిలోల బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి, పోపుల డబ్బా, అట్లకాడ!

"ఇవన్నీ ఎందుకండీ? నేను పోయేదే బయట తినడానికి."

"తిందువుగాని లేవే. అక్కడేం పెడతారో ఏమో. ఉంటే మంచిది."

ఉంటే మంచిది! మనుషులు సంచులు నింపేది ఆ ఒక్క మాటతోనే. ఆ మాట బరువెంతో నా పట్టీల్ని అడగండి.

హనోయ్‌లో దిగాం. పిచ్చేశ్వరరావు వీపు మీద ఉన్నాను కనక నాకు అన్నీ వెనక్కే కనబడేవి. ముందున్న వింతలు వాళ్లు చూశారు, వదిలేసినవి నేను చూశాను. వాళ్లు చెరువు చూస్తుంటే నాకు దాటొచ్చిన మోటారుసైకిళ్ల వరస కనబడింది.

మొదటి మధ్యాహ్నం ఒక వీధి హోటల్లో కూర్చున్నారు. పొట్టి బల్లలు, పొట్టి ముక్కాలిపీటలు. పొగలు కక్కే గిన్నె వచ్చింది. పచ్చి ఆకులు, సన్నటి సేమ్యాల్లాంటివి, పైన నిమ్మకాయ బద్ద. సీతారత్నమ్మ ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. ఇంతలో ఎవరో ఇద్దరు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నూజివీడు మెస్సులో ఒంటిగంట వేళ తినేవాడి కుర్చీ వెనక ఇంకొకడు నిలబడతాడు. వాడి ఊపిరి మెడకు తగలగానే తినేవాడు మజ్జిగ గటగటా తాగి లేస్తాడు. అది అక్కడి ధర్మం. సీతారత్నమ్మ సగం గిన్నె వదిలి దిగ్గున లేచింది.

"రండమ్మా, కూర్చోండి."

పిచ్చేశ్వరరావు ఊరుకున్నాడా? భుజం మీది తువ్వాలు తీసి బల్ల తుడిచేశాడు. ఆ ఇద్దరూ బిత్తరపోయారు. వంటలో ఏదో తప్పొచ్చిందనుకుని హోటలామె పరిగెత్తుకొచ్చింది. సీతారత్నమ్మకు మళ్లీ కూర్చోవడానికి ముఖం చెల్లలేదు.

"చూశావా? బయట తిండి మనకు పడదు" అన్నాడాయన. తప్పంతా ఆ గిన్నెదే అన్నట్టు!

అంతే, కుక్కరు బయటికొచ్చింది. బస దగ్గర అందరూ వాడుకునే వంటగది ఒకటుంది. ఇంగువ పోపు పడగానే పోలండు నుంచి వచ్చిన దంపతులు తొంగిచూశారు. మూడోనాటికి పదకొండు మంది పళ్లేలు పట్టుకుని తయారయ్యారు. హోయాన్ ఊరికి పోయినా అదే కథ. పిచ్చేశ్వరరావు వరసల మధ్య తిరుగుతూ "ఇంకొంచెం? మొహమాటం వద్దు" అని తెలుగులోనే కొసరి కొసరి వడ్డిస్తున్నాడు. వాళ్లు కూర్చున్నారు, ఆమె నిలబడింది. నదిలో పడవలున్నాయట, వీధినిండా రంగు లాంతర్లట. తిన్నవాళ్లు వచ్చి చెబితే విన్నాను. సముద్రాలు దాటొచ్చి నేను సాధించింది మెస్సుకు సామాన్ల గది కావడం!

ఏడో రోజు మధ్యాహ్నం. మర్నాడే ప్రయాణం.

"రత్నం, పక్క గదిలో ఫ్రాన్సు పిల్లలు గోంగూర అడుగుతున్నారే. ఇవాళ రెండు గ్లాసులు ఎక్కువ వెయ్యి."

ఆమె కుక్కరు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఒకటికి రెండు నీళ్లు పోయండి."

"నువ్వెక్కడికి?"

"అన్నానికి."

"ఒక్కదానివే? మాటా మంతీ రాదు."

"వేలు చూపిస్తే పెడతారు."

"ఉండు, నేనూ వస్తా."

"వద్దు. మీరొస్తే మళ్లీ బల్ల తుడుస్తారు."

నన్ను తీసుకెళ్లలేదు. ఖాళీ సంచితో పనేముంది? పిచ్చేశ్వరరావు వండిన అన్నం జావయింది. పిల్లలు నవ్వుతూనే తిన్నారు. ఆయన గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. రెండు గంటలు దాటాక ఆమె వచ్చింది. ఎక్కడికీ తొందర లేని నడక.

"ఏం తిన్నావే?"

"పేరు తెలీదు."

ఆయన మెల్లగా అడిగాడు. "వెనక ఎవరూ నిలబడలేదా?"

"నిలబడ్డారు."

"మరి?"

"నిలబడితే నిలబడ్డారు. నాకింకా రెండు ముద్దలున్నాయి."

ఆమె ఏ నదిగట్టున కూర్చుందో, ఏ గిన్నెలో తిందో నాకు తెలియదు. దేశాలు చూడటానికి పుట్టినదాన్ని, చూడదగ్గ ఆ ఒక్క దృశ్యాన్నే చూడలేకపోయాను. ఇప్పుడు నాలో ఉల్లిపాయలు పోసి మెస్సు అటక మీద ఉంచారు. పచ్చడి నూనె మరక కడుపులో అలాగే ఉంది.

వియత్నాంలో ఏం చూశారని కింద ఎవరైనా అడిగితే పిచ్చేశ్వరరావు చూడని గుళ్ల పేర్లు కూడా చెబుతాడు.  ఆమె గరిటె చప్పుడు మాత్రం ఆగిపోతుంది. ఈలోగా "అమ్మా, ఇటు పప్పు!" అని ఎవరో కేకేస్తారు. ఇదివరకు మొదటి కేకకే పరిగెత్తేది. ఇప్పుడు రెండో కేక పడేదాకా కదలదు.