నిజం చెప్పినందుకు మరమ్మతు

నేను ఒక స్పీడ్ గన్‌ని. పేరులో తుపాకీ ఉందని భయపడకండి, జన్మలో దోమను కూడా చంపి ఎరగను. ఎదురుగా వచ్చేదాని వేగం ఎంతో అంకెల్లో చెప్పడమే నా పని. కర్మాగారంలో పుట్టి నేరుగా హైవే మీదికొచ్చి పడ్డాను. అక్కడ నన్ను చూస్తే లారీలవాళ్లు బ్రేకులు తొక్కేవాళ్లు. పాతబడ్డాక గుంటూరు బేస్‌బాల్ కోచ్ పేరిరెడ్డి గారు వేలంలో కొన్నారు. ఇక్కడి మనుషులు మరీ వింత, నన్ను చూస్తే వేగం పెంచుతారు!

పేరిరెడ్డి గారికి లెక్కల పిచ్చి. ఆటగాళ్ల ఎత్తు, బరువు, బంతి వేగం లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఒళ్లు పెరిగితే వేగం పెరుగుతుందని తేల్చారు. జట్టులో బంతి విసిరేవాడు ఇమ్మానుయేలు, ఆరడుగుల మూడంగుళాల మనిషి. వాడిచేత రోజుకు పది గుడ్లు తినిపించి పన్నెండు కిలోలు పెంచారు. నిజంగానే వాడి బంతి వేగం గంటకు నూట ఇరవై కిలోమీటర్ల నుంచి నూట ముప్పై రెండుకి ఎగబాకింది. రాష్ట్ర జట్టుకు ఎంపికైతే ఆటగాళ్ల కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందని వాడి ఆశ.

ఎంపిక పది రోజులుందనగా నేను నూట పద్దెనిమిది చూపించాను. కోచ్ గారు నన్ను రెండు తట్లు తట్టి బ్యాటరీలు మార్చారు. ఈసారి నూట పదిహేను.

"ఇంత ఒళ్లేసుకుని నూట పదిహేనేందిరా? మిషనే పాడైంది," అన్నారు.

"అంతే అయ్యుంటది సార్," అన్నాడు ఇమ్మానుయేలు మోచెయ్యి రుద్దుకుంటూ.

ఇంకేముంది, నన్ను మస్తాన్ గారి మరమ్మతు కొట్టులో పడేశారు. ఆ వారమంతా ఇమ్మానుయేలు రోజుకు నూటయాభై బంతులు విసిరాడట. మస్తాన్ నన్ను విప్పి, బిగించి, తమ్ముణ్ణి మోటారు సైకిలు మీద నలభైలో రమ్మన్నాడు. నలభై అని చూపించాను.

"దీనికేం రోగం లేదు సార్. ఆ పిలగాడి చెయ్యి ఎవరికన్నా చూపించారా?" అన్నాడు.

కోచ్ గారు నన్ను చంకన పెట్టుకుని గ్రౌండుకొచ్చారు. ఇమ్మానుయేలు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"చెయ్యి చాపరా."

ఆ చెయ్యి సగందాకా వచ్చి ఆగిపోయింది.

"ఎప్పట్నించిరా ఇది?"

"మిషను పాడైన కాణ్ణించి సార్."

మోచేతి కీలు బాగా దెబ్బతిందని, ఏడాదిదాకా బంతి ముట్టవద్దని డాక్టరు చెప్పారు. ఎంపిక వాడు లేకుండానే అయిపోయింది. కోచ్ గారు ఇప్పుడు నన్ను పైకెత్తేముందు ఒక్కొక్కరి మోచెయ్యి పట్టి చూస్తున్నారు, సంతోషమే. కానీ ఇమ్మానుయేలు తలపుకొస్తే నాకు ఏడుపొస్తుంది. నన్ను అందరూ అబద్ధాలకోరు అన్నప్పుడు, నేను చెప్పింది నిజమని తెలిసినవాడు ఆ గ్రౌండులో వాడొక్కడే.